మొహం మొత్తిన మాట

కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే టీచరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, ఊరి పేరు అసలే వద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

వాళ్ల హెడ్మాస్టరు ఈ మధ్యే రిటైరయ్యారు. ఈవిడ పదో తరగతి చదివిన రోజుల్లో ఆయనే లెక్కల సారు. సన్మాన పత్రం మామూలుగా తెలుగు పండిట్ గారు రాస్తారు. ఈసారి డాలస్‌లో ఉన్న సారు కొడుకు, కోడలు ఫోన్లో లైవ్ చూస్తారని, కోడలికి తెలుగు రాదని, ఇంగ్లిష్‌లో ఉంటే బాగుంటుందని సారే అడిగారు. ఈవిడ మూడు రాత్రులు కూర్చుని రాశారు. చివరి పేరాలో, సారు సేవలకు మా 'ఫుల్‌సమ్ అప్రిసియేషన్' తెలుపుకుంటున్నాం అని ఒక వాక్యం పెట్టారు. ఆ మాట ఏదో ఇంగ్లిష్ పేపర్లో ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి మెచ్చుకున్న వార్తలో కనిపించిందట. నిండు మనసుతో అనే అర్థం అనుకున్నారు. శాలువా కప్పారు, దండ వేశారు, బంగారు రంగు ఫ్రేము కట్టిన పత్రం చేతికిచ్చారు. సారు కళ్లు తుడుచుకున్నారు.

పది రోజుల తర్వాత కోడలు ఆ పత్రం ఫోటో మళ్లీ చదివి, "ఆ టీచర్ మామయ్యను ఎగతాళి చేశారా?" అని భర్తను అడిగిందట. ఆ మాటకు వెగటు పుట్టించే అతి పొగడ్త అని అర్థం ఇచ్చిన డిక్షనరీ పేజీని కొడుకు తండ్రికి పంపాడు. సారు ఈవిడకు ఫోన్ చేసి, "ఏందమ్మా, ఇంత సర్వీసు చేసి చివరికి నీ చేత ఇట్టా అనిపించుకోవాల్నా?" అని పెట్టేశారు. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం ఇంటికి వెళ్తే సారు భార్య కాఫీ ఇచ్చారు కానీ సారు లోపలి గదిలోంచి రాలేదు. హాల్లో ఫ్రేము తగిలించిన చోట మేకు మాత్రమే ఉంది. ఫ్రేము బీరువా పక్కన గోడ వైపు తిప్పి పెట్టి ఉంది. ఈలోగా సోషల్ సారు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో అదే డిక్షనరీ పేజీ పెట్టి, కింద ఒక దండం బొమ్మ పెట్టారు. ఇంట్లో భర్త, "ఒక్క మాటకి ఇంత టెన్షన్ ఏంది, వదిలేయ్" అంటున్నారు.

ఆవిడ అడుగుతున్నవి: తప్పు నాదేనా? క్షమాపణ చెప్పాలా, ఆ మాటకు మంచి అర్థం కూడా ఉందని చూపించాలా? ఇక పిల్లల ముందు ఏ ముఖం పెట్టుకుని ఇంగ్లిష్ చెప్పాలి? చివర ఇంకో ముక్క: వచ్చే వారం పని మీద నెల్లూరు వెళ్తున్నాను, సారు కోసం మలై కాజా తేనా?

అమ్మా,

మీ ఉత్తరం చదవగానే నాకు నా పాపం ఒకటి గుర్తొచ్చింది. కొత్తగా లెక్చరర్‌గా చేరిన రోజుల్లో ఒక కుర్రాడికి సిఫారసు ఉత్తరం రాశాను. వీడుంటే క్లాసంతా హుషారుగా ఉంటుంది అనడానికి 'ఎనర్వేటింగ్' అని వాడాను. చెవికి ఎనర్జీలాగే వినిపించింది మరి. అసలు అర్థం దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: ఒంట్లో సత్తువ లాగేయడం. లాటిన్ మూలంలో అయితే నరాలు పీకేయడం అన్నంత మాట. వీడు గదిలో ఉంటే అందరూ నీరసపడిపోతారని సంతకం పెట్టి, కాలేజీ ముద్ర వేసి ఇచ్చానన్నమాట. ఇంటర్వ్యూలో వాళ్లు చదివి నవ్వుకుని, రాసినాయన ఏమనుకుని రాశాడో తామే గ్రహించి సరిపెట్టుకున్నారని ఆ కుర్రాడే తర్వాత చెప్పాడు. కాబట్టి ఈ ఊబిలో దిగింది మీరొక్కరే కాదు. నేను మెడ దాకా దిగినవాణ్ణి.

ముందు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ సగం సగం చెబుతున్నారు. 'ఫుల్‌సమ్'లో ఉన్నది మన ఫుల్ మీల్స్‌లోని ఫుల్లే. ఇంగ్లిష్‌లో ఈ మాట పుట్టి 700 ఏళ్లు దాటింది. పుట్టినప్పుడు దాని అర్థం మీరు అనుకున్నదే: నిండుగా, సమృద్ధిగా. తర్వాత దాని నడక చిత్రంగా మారింది. నిండుదనం కాస్తా బొద్దుదనం అయింది. అక్కణ్ణించి ఎక్కువై వెగటు పుట్టించే తిండి అయింది. 17వ శతాబ్దం నాటికి ఆ వెగటు తిండి నుంచి మాటలకు పాకి, మోతాదు మించిన పొగడ్త దగ్గర స్థిరపడింది. షేక్స్‌పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్' నాటకంలో ఒలీవియా ఇదే మాట వాడుతుంది. డ్యూకు మళ్లీ తన ప్రేమ పాట ఎత్తుకోబోతే, ఆ పాత రాగమే అయితే నా చెవికి ఫుల్‌సమ్‌గా ఉంటుంది అంటుంది. మన ఇళ్లలో అయితే 'ఇంక చాల్లే సామీ' అనే సందర్భం.

నెల్లూరు వాళ్లకు దీనికి డిక్షనరీ అక్కర్లేదు. కాజాల సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మొదటి మలై కాజా నోట్లో వేసుకుంటే కళ్లు మూతలు పడతాయి. రెండోది కూడా బాగానే ఉంటుంది. మూడోది ఎవరో బలవంతం చేస్తే తింటాం. నాలుగోది చేతిలోకి తీసుకుని, వేళ్లకంటిన పాకం చూసి, పళ్లెంలో తిరిగి పెట్టేసి, మొహం మొత్తింది అంటాం. కాజా చెడిపోలేదు. ఎక్కువైంది, అంతే. ఇంగ్లిష్ వాళ్ల ఫుల్‌సమ్ సరిగ్గా ఆ నాలుగో కాజా. పొగడ్త విషయంలో వాడినప్పుడు, ఇందులో మనసు లేదేమో అన్న అనుమానం కూడా దానికి అంటుకుని వస్తుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 20వ శతాబ్దంలో జనం మళ్లీ ఆ మాటను పాత అర్థంలో, అంటే నిండుగా, ధారాళంగా అనే అర్థంలో వాడటం మొదలుపెట్టారు. మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ సమృద్ధి అనే అర్థం ఇస్తుంది, వెగటు అర్థాలూ ఇస్తుంది, చదివేవాడు రెండో విధంగా తీసుకునే ప్రమాదం ఉందని ఒక హెచ్చరిక కూడా పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్ వారు అతి పొగడ్త అర్థాన్ని ముందు చెబుతారు. అంటే సారు కోడలు చెప్పింది తప్పు కాదు, మీరు రాసిందీ గాలిలోంచి పుట్టింది కాదు. సోషల్ సారు పెట్టిన స్క్రీన్‌షాట్ ఏ డిక్షనరీదో నాకు తెలియదు కానీ, అందులో సగమే పట్టిందని మాత్రం చెప్పగలను.

'మరి నేను గెలిచినట్టే కదా' అనుకోకండి. మన భాషలో మాటలు ఎట్లా తిరగబడ్డాయో చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. మీ సన్మాన సభలో మైకు పట్టుకున్నవారు 'సభికులందరికీ నమస్కారం' అనే ఉంటారు. సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. ఎవరికైనా కోపం వచ్చిందా? రాలేదు, ఎందుకంటే ఆ అర్థం మనకు చచ్చిపోయింది. శఠగోపం సంగతి వేరు. దానికి రెండు అర్థాలూ బతికే ఉన్నాయి. నెల్లూరు రంగనాయకుల గుడిలో అర్చకులు నెత్తిన పెడితే కళ్లకద్దుకుంటాం. చిట్టీల వాడు పెడితే పోలీస్ స్టేషన్‌కు వెళ్తాం. అయినా తికమక లేదు. గుడిలో ఒకటి, బజార్లో ఒకటి. చోటును బట్టి అర్థం తెలిసిపోతుంది.

ఫుల్‌సమ్‌తో చిక్కేమిటంటే, రెండు అర్థాలూ బతికే ఉన్నాయి, రెండూ కూర్చునేది ఒకే కుర్చీలో. మంచి అర్థంలోనైనా, చెడ్డ అర్థంలోనైనా దాని పక్కన ఉండేది పొగడ్త, మెచ్చుకోలు, అభినందన లాంటి మాటలే. చోటును బట్టి తేల్చుకునే వీలు లేదు. రాసినవారి మనసు తెలిస్తే తప్ప తేలదు. డాలస్‌లో కూర్చున్న కోడలికి మీ మనసు ఎట్లా తెలుస్తుంది? తప్పు మీదేనా అని అడిగారు. మాట ఎంపికలో పొరపాటు మీదే. ఎగతాళి మీది కాదు. ఈ రెండింటినీ కలిపి మోస్తున్నారు కాబట్టే బరువుగా ఉంది.

ఇప్పుడు మీకు కాస్త కష్టం కలిగించే విషయం చెబుతాను. మీరు పంపిన పత్రం కాపీ రెండుసార్లు చదివాను. సారు అందులో అపర సర్వేపల్లి, జ్ఞాన సముద్రం, సహనానికి మారుపేరు. ఆయన ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదని ఉంది. మీ ఉత్తరం రెండో పేజీలోనేమో, ప్రేయర్‌కి ఆలస్యమైతే సారు కేక బస్టాండు దాకా వినిపించేదని మీరే రాశారు. (ఆ వాక్యం చదివి హాయిగా నవ్వుకున్నాను, ఆయన మీద ఇష్టం కలిగింది కూడా.) ఆరు పేరాల్లో విశేషణాలే ఉన్నాయి. ఆయన చేసిన పని ఒక్కటి లేదు. ఫుల్‌సమ్ అన్న మాట కొట్టేసి అక్కడ 'హార్ట్‌ఫెల్ట్' అని పెట్టినా, మిగతా పత్రం నాలుగో కాజాలాగే ఉంటుంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మన సన్మాన పత్రాలన్నీ ఇంతే. నేనూ అట్లాంటివి డజన్ల కొద్దీ రాశాను.

కానీ మూడో పేజీలో మీరు ఒక సంగతి రాశారు. పదో తరగతి అయ్యాక మీ నాన్న చదువు మాన్పించాలనుకుంటే, సారు మూడు సాయంత్రాలు వరసగా సైకిల్ తొక్కుకుంటూ మీ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. మొదటి రోజు మీ నాన్న మాట్లాడలేదు. రెండో రోజు మజ్జిగ ఇచ్చారు. మూడో రోజు సరే అన్నారు. ఇంటర్ ఫీజు సారే కట్టి, నాన్నకు చెప్పొద్దన్నారు. ఇది పత్రంలో లేదు. అందరి తరఫున రాసేదాంట్లో సొంత విషయం బాగోదనుకున్నారట. ఆ మొహమాటం అర్థమవుతుంది. కానీ సారు కోడలు చదవాల్సిన పేరా అదే. మామగారు ఎట్లాంటి మనిషో ఆ అమ్మాయికి తెలియాలనే కదా, ఆయన ఇంగ్లిష్‌లో రాయమని అడిగింది! ఆ పత్రం చదివి ఆ అమ్మాయి 'ఎగతాళా?' అని అడిగేసరికి ఆయనకు తగిలింది. సారు కోపంలో మీ పాలెంతో, కోడలి ముందు చిన్నబోయానన్న బాధ పాలెంతో నాకు తెలియదు. రెండోదే ఎక్కువని నా ఊహ. ఊహే సుమా.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం.

మీ ఆయన చెప్పినట్టు వదిలేయవచ్చు. అది పనికిమాలిన సలహా కాదు. కొన్నాళ్లకు కోపాలు వాటంతట అవే చల్లబడతాయి. కాకపోతే వదిలేసిన కథను మీరు చెప్పరు, వేరేవాళ్లు చెబుతారు. స్టాఫ్ రూములో ప్రతి సన్మానానికీ ఇది టీ బిస్కెట్లతో పాటు బయటికొస్తుంది. పైగా మీరు ఆ మేకు గురించి ఉత్తరంలో రెండుసార్లు రాశారు. వదిలేయగలిగిన మనిషి రెండోసారి రాయరు.

డిక్షనరీ పట్టుకుని వెళ్లవచ్చు. మెరియమ్ వెబ్‌స్టర్ పేజీ ప్రింటు తీసి చూపిస్తే మీ మాటకు ఆధారం దొరుకుతుంది. సారు లెక్కల మనిషి, ఆధారం చూపిస్తే ఒప్పుకుంటారు కూడా. కానీ అదే పేజీలో కింద రెండో అర్థం ఉంటుంది, ఆయన అదీ చదువుతారు. వాదన గెలిచి ఇంటికొస్తారు, ఫ్రేము మాత్రం గోడ వైపే తిరిగి ఉంటుంది. ఆ పేజీని చివర్లో, ఆయనే అడిగితే, సంచిలోంచి తీసేలా పెట్టుకోండి.

పత్రం మళ్లీ రాసి, కొత్త ఫ్రేము కట్టించి ఇవ్వడం ఇంకో దారి. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ మాట తీసేసి మిగతాదంతా అట్లాగే ఉంచితే, ఆయనకు కంప్యూటర్ సెంటర్లో అచ్చుతప్పు దిద్దించినట్టు అనిపించవచ్చు. సైకిల్ పేరా కలిపి రాస్తే అది వేరే పత్రం అవుతుంది. అప్పుడది మీ ఒక్కరి తరఫున ఇచ్చేది, స్టాఫ్ సంతకాలు ఉండవు. అది మీకు ఇష్టమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ నాన్న ఫీజు సంగతి తెలియకుండానే పోయారని రాశారు. ఆ విషయం మీ అన్నదమ్ములు చదివితే ఎట్లా ఉంటుందో కూడా ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే సూటిది వెళ్లి నోటితో చెప్పడం. తెలుగులో చెప్పండి. 'సార్, ఆ మాటకు నిండు అనే అర్థం అనుకుని రాశాను, వెగటు అనే అర్థం ఉందని నాకు తెలియదు' అంటే చాలు. వెంటనే సంజాయిషీలు మొదలుపెట్టకండి. ఆయన అరవవచ్చు. ప్రేయర్ లైనులో అరిచిన గొంతే కదా, మీకు కొత్త కాదు. తలుపు తీయకపోతే? అమ్మగారి చేతికి చీటీ ఇచ్చి వచ్చేయండి. చీటీలో సైకిల్ గురించి రెండు వాక్యాలు రాస్తారో, ఒట్టి క్షమించమనే రాస్తారో మీ ఇష్టం. రెండో రోజు మళ్లీ వెళ్లడమా మానడమా అన్నది కూడా మీ ఓపికను బట్టే. ఆయన మీ ఇంటికి మూడు సాయంత్రాలు వచ్చారని మాత్రం నాకు గుర్తుంది.

కొడుక్కీ కోడలికీ నేరుగా ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు పంపడం కూడా మంచిదే. మర్యాద దెబ్బతిన్నది అక్కడే కాబట్టి మందు అక్కడికీ చేరాలి. నేను ఫలానా అర్థంలో వాడాను, పొరపాటు నాది, మీ మామగారు నాకు చేసిన సాయం ఇదీ అని రాస్తే, ఆ అమ్మాయే రేపు వీడియో కాల్లో ఆయనతో ఆ సైకిల్ కథ ఎత్తవచ్చు. కానీ సారుతో మాట్లాడకముందే పంపితే, తన వెనక ఏదో నడుస్తోందని ఆయన ఇంకా బిగుసుకుపోతారు. నంబరు అడిగి తీసుకోవడమే ఆయన దగ్గర అనుమతి తీసుకోవడం అవుతుంది.

గ్రూపులో దండం పెట్టిన సోషల్ సారుకి ఒక్క వాక్యం: 'రెండు అర్థాలున్నాయి సార్, నేను మంచిది అనుకుని రాశాను, పొరపాటే.' అంతే. పేజీలు అతికించారంటే రాత్రి పదకొండు దాకా నడుస్తుంది.

పిల్లల ముందు ఏ ముఖం పెట్టుకుని అన్నారు. ఇదే ముఖం. ఈ మాటను క్లాసులో చెబుతారా లేదా అన్నది మీ చేతిలో ఉంది. చెబితే కాజా పెట్టి చెప్పండి, పిల్లలు చచ్చినా మరవరు. దాంతోపాటు ఒక బ్యాచ్ వెళ్లిపోయేదాకా మీ పేరు ఫుల్‌సమ్ టీచర్ అవుతుంది, దానికి సిద్ధపడాలి. చెప్పకపోతే ఆ పేరు మీ వెనకాల ఎవరైనా పెట్టేస్తారు, మీకు తెలియదంతే.

మీ అలవాటు ఒకటి మాత్రం మార్చుకుంటే మంచిది. పేపర్లో మెరిసే మాట దొరికితే నోటు బుక్కులో ఎక్కించుకుంటానన్నారు. ఒంటరిగా ఎక్కించుకోకండి. కనీసం మూడు వేరువేరు వాక్యాల్లో అది ఎవరి పక్కన కూర్చుందో చూశాక ఎక్కించుకోండి. 'డిసింట్రెస్టెడ్' అంటే ఆసక్తి లేనివాడనుకుంటాం, జాగ్రత్తగా రాసేవాళ్లు దాన్ని పక్షపాతం లేనివాడు అనే అర్థంలో వాడతారు. 'నాన్‌ప్లస్డ్' అంటే పాలుపోక నిలబడిపోయినవాడు, అమెరికాలో కొందరేమో అస్సలు చలించనివాడు అనే అర్థంలో వాడతారు. ఇట్లాంటి మాటలు పిల్లల పుస్తకంలో ఎదురైతే వివరించండి, సన్మాన పత్రంలో మాత్రం వాడొద్దు. 'డీప్', 'సిన్సియర్', 'వార్మ్' చాలు. వాటిని ఎవరూ డిక్షనరీలో వెతకరు.

మలై కాజా సంగతి. సారుకు షుగర్ ఉందని ఒకటో పేజీలో మీరే రాశారు. అరడజను జామకాయలు తీసుకెళ్లండి.